ఫైలు వచ్చిందని జాబితాకు ఎవరు చెప్తారు?

నెలలో 9వ తేదీ, పొద్దున పదిన్నర. హన్మకొండలో ఒక ట్యాక్సు కన్సల్టెంటు ఆఫీసు నుంచి వరంగల్ చౌరస్తాలోని బట్టల దుకాణానికి ఫోను పోయింది.

"అన్నా, ఈ నెల కొనుగోలు బిల్లులు ఇంక రాలే."

"మంగళారమే పంపిన గద సార్."

ఇద్దరి మాటా నిజమే. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలను గుమాస్తా ఆరోజే గూగుల్ డ్రైవ్‌లో వేశాడు. సారు ముందున్న పనుల జాబితాలో మాత్రం ఆ దుకాణం పేరు పక్కన టిక్కు పడలేదు. బిల్లులు ఒకచోట, అవి రావాలన్న గుర్తు ఇంకోచోట. ఫోల్డర్‌లో జరిగింది జాబితాకు తెలియలేదు.

ఈ రెంటినీ కలిపే ఆటోమేషన్ గురించి ఇప్పుడు చిన్న ఆఫీసుల్లో, కోచింగ్ సెంటర్లలో, ఫొటో స్టూడియోల్లో కూడా అడుగుతున్నారు. కలపడం ఎలాగో చూపించే వీడియోలకు కొదవ లేదు. నిజానికి కలపడం కొన్ని నిమిషాల పని. కలిపిన నెల తర్వాత ఒకే పని మూడుసార్లు జాబితాలోకి ఎక్కడం, రావాల్సిన బిల్లు రాకపోయినా ఎవరికీ తెలియకపోవడం మొదలవుతుంది. అప్పుడు యాప్‌ను తిడతాం. తప్పు చాలాసార్లు యాప్‌ది కాదు, మనం దాన్ని అడిగిన ప్రశ్నది. అందుకే ముందు ఆ రెండు వైపులా ఏముందో చూద్దాం.

జాబితాకు గడువు తెలుసు, ఫోల్డర్‌కు తెలియదు

పనుల జాబితా యాప్ అంటే గూగుల్ టాస్క్స్, మైక్రోసాఫ్ట్ టు డూ, టోడోయిస్ట్ లాంటివి. ఒక్కో పనికి ఒక పేరు, ఒక తేదీ, చిన్న నోటు, టిక్కు పెట్టడానికి ఒక గడి. క్లౌడ్ స్టోరేజి అంటే మన ఫైలు మన కంప్యూటర్లో కాక కంపెనీ సర్వర్లలో ఉండటం, నెట్ ఉన్న ఏ ఫోన్ నుంచైనా దాన్ని తెరవగలగడం. గూగుల్ డ్రైవ్ 15 జీబీ ఉచితంగా ఇస్తుంది, అయితే జీమెయిల్, ఫొటోలు కూడా అందులోనే సర్దుకోవాలి. వన్‌డ్రైవ్ 5 జీబీ, డ్రాప్‌బాక్స్ 2 జీబీ ఇస్తాయి.

పైకి రెండూ వరుసలుగా కనిపిస్తాయి గానీ స్వభావం వేరు. పని పుడుతుంది, ముగుస్తుంది, కంటికి కనబడకుండా పోతుంది. ఫైలు అలాగే ఉండిపోతుంది. అంతకంటే పెద్ద తేడా ఇంకోటుంది. ఫోల్డర్ తెరిస్తే వచ్చినవే కనిపిస్తాయి. రానివి అందులో కనిపించవు. 40 మందిలో 33 మంది పంపితే ఫోల్డర్ 33 మందినే చూపిస్తుంది, మిగిలిన ఏడుగురి సంగతి దానికి తెలియదు. జాబితా ఉన్నదే ఆ ఏడుగురి కోసం. ఇంకా జరగనిదాన్ని పట్టి ఉంచడమే దాని పని.

ఈ ఒక్క తేడా మనసులో ఉంటే తర్వాత వచ్చే చిక్కుల్లో సగానికి సగం ముందే అర్థమవుతాయి.

వంతెన లోపల ఏం జరుగుతుంది

రెండు యాప్‌ల మధ్య వంతెనలా నిలబడి కబురు మోసే సేవలు 2011 ప్రాంతంలో జనంలోకి వచ్చాయి. జాపియర్ ఆ ఏడాది పుట్టింది. ఐఎఫ్‌టీటీటీ అనే సేవ పేరే 'ఇది జరిగితే అది చెయ్' అన్న ఇంగ్లిషు మాటల పొట్టి రూపం. మైక్రోసాఫ్ట్ 2016లో ఫ్లో పేరుతో తెచ్చినదే 2019 నుంచి పవర్ ఆటోమేట్. ఇంటిగ్రోమాట్ ఇప్పుడు మేక్ అయింది. పేర్లు ఎన్నున్నా లోపలి సూత్రం ఒకటే. 'ఇది జరిగితే' అన్న భాగాన్ని ట్రిగర్ అంటారు, 'అది చెయ్' అన్నదాన్ని యాక్షన్ అంటారు.

బ్యాంకులో మనం లాకర్ గదిలోకి నేరుగా దూరిపోం. కౌంటర్ దగ్గర స్లిప్పు రాసిస్తే లోపలివాళ్లు పని చేసి పెడతారు. బయటి ప్రోగ్రాముల కోసం ప్రతి యాప్ తెరిచి ఉంచే అలాంటి కౌంటరే ఏపీఐ. ఆ కౌంటర్లో లేని సేవను వంతెన కూడా ఇవ్వలేదు. ఉదాహరణకు గూగుల్ టాస్క్స్ తెరమీద పనికి గంట, నిమిషం పెట్టుకోవచ్చు. దాని ఏపీఐ మాత్రం తేదీనే తీసుకుంటుంది, సమయాన్ని వదిలేస్తుంది. 'సాయంత్రం 4కు గుర్తు చెయ్' అని వంతెన ద్వారా పంపితే ఆ 4 ఎటుపోయిందని వెతుక్కునేవాళ్లు ఉన్నారు. అది దారిలో పోలేదు, కౌంటర్ దగ్గరే ఆగిపోయింది.

ఇక ఫైలు వచ్చిందని వంతెనకు ఎలా తెలుస్తుంది? రెండు దారులు. మనవాళ్ల బండి కోసం పావుగంటకోసారి కాజీపేట స్టేషన్‌కు పోయి 'వచ్చిందా?' అని అడిగి రావడం ఒకటి. దీన్ని పోలింగ్ అంటారు. బండి రాగానే ఫోన్ చెయ్యమని స్టేషన్‌లో ఉన్నవాళ్లకు చెప్పి రావడం రెండోది. ఇది వెబ్‌హుక్. రెండోది వేగం. కానీ ఫోన్ చేసే ఏర్పాటు అవతలి యాప్‌లో ఉండాలి. జాపియర్ ఉచిత పథకంలో పోలింగ్ 15 నిమిషాలకోసారి జరుగుతుంది. 'ఇప్పుడే ఫైలు వేసిన, ఇంక కనిపిస్తలేదు' అని కంగారు పడాల్సిన పని లేదు, మనిషి ఇంకా స్టేషన్‌కు బయల్దేరలేదన్నమాట.

40 పార్టీల లెక్క

పన్ను ఆఫీసుల్లో ఖాతాదారును 'పార్టీ' అంటారు. 40 పార్టీలున్న ఆఫీసు అనుకుందాం. ఒక్కొక్కరి నుంచి నెలకు కనీసం రెండు ఫైళ్లు రావాలి, ఒకటి అమ్మకాలది, ఇంకోటి కొనుగోళ్లది. తక్కువలో తక్కువ మొత్తం 80.

అందరూ మొదట కట్టే వంతెన ఇది: ఫోల్డర్‌లో కొత్త ఫైలు వస్తే జాబితాలో కొత్త పని పుట్టాలి. చూడముచ్చటగా పనిచేస్తుంది. 33 మంది బిల్లులు వచ్చాయి, వాళ్ల పేర్లతో పనులు పుట్టాయి. పంపని ఏడుగురికి ఏ పనీ పుట్టలేదు. జాబితా నిండుగా, ఆఫీసు హడావిడిగా కనిపిస్తుంది, 11వ తేదీన జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) గడువు దాటాక గానీ ఆ ఏడుగురు గుర్తుకురారు. వంతెన రాకను చూడగలదు, రాకపోవడాన్ని చూడలేదు. ఫోను చేసి 'పంపిన గద' అనిపించుకోవడం కంటే ఇది పెద్ద నష్టం.

కాబట్టి ఇక్కడ ట్రిగర్ ఫైలు కాదు, తేదీ. నెల 1న 40 పార్టీల పేర్లతో 'బిల్లులు రావాలి' అన్న పనులు వాటంతట అవే పుడతాయి. ఫైలు వచ్చినప్పుడు ఆ పార్టీ పని మీద కబురు పడుతుంది. పనులను పుట్టించేది క్యాలెండరు, కదిలించేది ఫోల్డర్.

ఇక్కడే రెండో చిక్కు. ఏ ఫైలు ఏ పార్టీదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? వాట్సాప్ ఫొటో పేరులో తేదీ, వరుస సంఖ్య తప్ప ఇంకేమీ ఉండదు. పార్టీకో ఫోల్డర్ పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. జాపియర్‌లో డ్రైవ్ ఫోల్డర్‌ను చూసే ట్రిగర్ నేరుగా ఆ ఫోల్డర్‌లో పడినవాటినే చూస్తుంది, దాని లోపలి ఫోల్డర్లలోకి తొంగిచూడదు. 40 ఫోల్డర్లంటే 40 వంతెనలు. అందుకే చాలా మంది ఒకే 'వచ్చినవి' ఫోల్డర్ పెట్టి, ఫైలు పేరు ముందు పార్టీ నంబరు రాస్తారు: '17 కొనుగోలు జూన్'. పేరుకు బదులు నంబరు ఎందుకంటే, వెంకటేశ్వర అన్న పేరును నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు, 17ను అందరూ 17గానే రాస్తారు.

ఇప్పుడు ఉచిత పథకాలు ఎంతవరకు సరిపోతాయో చూద్దాం. ఫైలు రావడం ట్రిగర్. పార్టీ పనిని వెతకడం ఒక అడుగు, దాన్ని మార్చడం ఇంకో అడుగు. 80 ఫైళ్లకు 160 అడుగులు. జాపియర్ ఉచిత పథకంలో నెలకు 100, పైగా ట్రిగర్ తర్వాత ఒక్క అడుగుకే అనుమతి. అంటే ఈ పని అందులో కుదరదు. మేక్ నెలకు 1000 ఇస్తుంది, చూస్తే ఎంతో ఎక్కువ. కానీ అక్కడ 'వచ్చిందా?' అని అడగడం కూడా లెక్కలోకే వస్తుంది, ఏమీ రాకపోయినా సరే. పావుగంటకోసారి అడిగితే రోజుకు 96, నెలకు 2880. ఒక్క బిల్లు రాకముందే వెయ్యీ అయిపోతాయి. గంటకోసారి అడిగితే 720, దానికి 160 కలిపితే 880. 80 ఫైళ్లకైతే సరిపోయింది. బిల్లు వచ్చిన సంగతి గంట ఆలస్యంగా తెలిస్తే పన్ను ఆఫీసుకు వచ్చే నష్టమేమీ లేదు. ఈ కంపెనీలు పథకాలను మారుస్తూనే ఉంటాయి కాబట్టి అంకెల కంటే లెక్క వేసే పద్ధతే ముఖ్యం: ఎన్ని ఫైళ్లు, ఫైలుకు ఎన్ని అడుగులు, అడగడానికి కూడా ఖర్చవుతుందా లేదా.

'వచ్చింది' వేరు, 'అన్నీ వచ్చాయి' వేరు

నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. బట్టల దుకాణం నుంచి వచ్చేవి ఒక్క కొనుగోలు బిల్లు కాదు, సూరత్ నుంచి, ముంబై నుంచి, హైదరాబాదు నుంచి పన్నెండు రావచ్చు. మొదటి ఫొటో ఫోల్డర్‌లో పడగానే యంత్రం 'బిల్లులు రావాలి' అన్న పనికి టిక్కు పెట్టేస్తే? మిగిలిన పదకొండు రాకున్నా జాబితా పని అయిపోయిందనే చెప్తుంది. అసలే లేని వంతెన కంటే అబద్ధం చెప్పే వంతెన ప్రమాదం, ఎందుకంటే జాబితా చెప్పాక మళ్లీ ఫోల్డర్ తెరిచి చూసే అలవాటు మనిషికి పోతుంది.

అందుకే అనుభవమున్న ఆఫీసులు టిక్కును యంత్రం చేతికి ఇవ్వవు. ఫైలు రాగానే పని 'రావాలి' నుంచి 'చూడాలి'కి మారుతుంది, ఫైలు లింకు నోటులో పడుతుంది. అంతవరకే. బిల్లులు లెక్కపెట్టి టిక్కు పెట్టేది మనిషి. యంత్రానికి తెలిసిన సంగతి ఒక్కటే, ఫోల్డర్‌లో ఒక ఫైలు పడిందని. అది సరిపోతుందా లేదా అన్నది ఆ దుకాణం లావాదేవీలు తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

గడువు తేదీలతోనూ ఇదే పేచీ. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 తర్వాతి నెల 11న, పన్ను కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బీ 20న. 5 కోట్ల లోపు టర్నోవరు ఉండి మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకున్నవాళ్లకు తెలంగాణలో అవి 13, 22 తేదీలు. 'అందరికీ 11' అని వంతెనలో రాసేస్తే ఈ రెండోవాళ్లకు తప్పు తేదీ పడుతుంది. ప్రభుత్వం గడువు పొడిగిస్తే అందరికీ తప్పవుతుంది. తేదీలను ఒక షీట్‌లో పార్టీల వారీగా ఉంచి, వంతెన అక్కడి నుంచి చదువుకునేలా చేసేది ఇందుకే. మార్చాల్సి వస్తే ఒక్కచోట మారిస్తే చాలు.

రెండు వైపులా కలిపితే చక్రంలా తిరుగుతుంది

ఫైలు వస్తే పని కదలాలి, పని పూర్తయితే ఫైలు 'వేసినవి' ఫోల్డర్‌లోకి పోవాలి. రెండోది కూడా ఉంటే బాగుండు అనిపించడం సహజం. 'వేసినవి' ఫోల్డర్ మీద కూడా ఎవరో ఒక ట్రిగర్ పెట్టి ఉంటే, అక్కడికి చేరిన ఫైలు మళ్లీ కొత్తదై, మళ్లీ పని పుట్టి, దానికి యంత్రమే టిక్కు పెడితే మళ్లీ కదిలి, తిరుగుతూనే ఉండొచ్చు. మనుషులైతే రెండో చుట్టులోనే గుర్తుపట్టి ఆపేస్తారు. యంత్రం నెల కోటా అయిపోయేదాకా తిరగొచ్చు.

దీని వెనక ఒక మౌలికమైన ప్రశ్న ఉంది. 'అదే ఫైలు' అంటే ఏమిటి? గూగుల్ డ్రైవ్‌లో ప్రతి ఫైలుకూ ఒక ఐడీ ఉంటుంది. పేరు మార్చినా, వేరే ఫోల్డర్‌కు జరిపినా ఆ ఐడీ, లింకు మారవు. కానీ ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండవచ్చు, డ్రైవ్ అడ్డుచెప్పదు. మన కంప్యూటర్లో గానీ డ్రాప్‌బాక్స్‌లో గానీ అలా కుదరదు. కాబట్టి పేరును బట్టి గుర్తుపట్టే వంతెన '17 కొనుగోలు జూన్' రెండుసార్లు కనిపిస్తే తడబడుతుంది. ఐడీని ఎక్కడో రాసి పెట్టుకుని, ఇంతకుముందు చూసిందేనా అని సరిచూసుకునే వంతెన తడబడదు. లిఫ్టు బటన్ పదిసార్లు నొక్కినా లిఫ్టు ఒకసారే వచ్చినట్టు, అదే కబురు రెండుసార్లు చేరినా పని ఒకటే ఉండాలి. మధ్యలో నెట్ పోయి వంతెన మళ్లీ ప్రయత్నించినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

తాళం ఎవరి దగ్గర, ఫైలు ఎవరిది

వంతెనకు మన పాస్‌వర్డ్ ఇవ్వం. 'ఈ సేవ మీ డ్రైవ్‌ను చూడటానికి ఒప్పుకుంటారా?' అని గూగుల్ అడుగుతుంది, ఒప్పుకుంటే దానికో విడి తాళంచెవి ఇస్తుంది. ఈ పద్ధతి పేరు ఓఆథ్. ఎప్పుడైనా గూగుల్ ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి ఆ తాళాన్ని వెనక్కి తీసుకోవచ్చు. చూడాల్సింది ఆ తాళం ఎన్ని గదులు తెరుస్తుందని. తాను సృష్టించిన ఫైళ్లు, మనం ఎంచి ఇచ్చిన ఫైళ్లు మాత్రమే చూసే చిన్న తాళం ఒకటి ఉంది. ఎవరు వేసిన కొత్త ఫైలునైనా కనిపెట్టే వంతెనకు అది చాలదు, అది మొత్తం డ్రైవ్ తాళం అడుగుతుంది. 40 దుకాణాల బిల్లులు, వాటి మీద పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న డ్రైవ్ అది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, డేటాను వేరే సేవ చేత ప్రాసెస్ చేయించినా బాధ్యత ఆఫీసుదే. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ఈ బాధ్యత మాత్రం అప్పటి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తుంది.

చాలా మంది పట్టించుకోని ఇంకో సంగతి యాజమాన్యం. షేర్ చేసిన మామూలు ఫోల్డర్‌లో గుమాస్తా తన సొంత జీమెయిల్ నుంచి బిల్లులు వేస్తే, ఫోల్డర్ సారుదైనా ఆ ఫైళ్లు గుమాస్తావే. అతను మానేసి, తన ఖాతాలో వాటిని తీసేస్తే 30 రోజుల తర్వాత చెత్తబుట్ట నుంచి కూడా పోతాయి. జీఎస్టీ చట్టం మాత్రం వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచమంటుంది. 2024-25 ఆర్థిక సంవత్సరానికి వార్షిక రిటర్న్ గడువు 2025 డిసెంబరు 31, అంటే బిల్లులు 2031 డిసెంబరు 31 దాకా ఉండాలి. జాబితాలో ఆ పని ఎప్పుడో కనుమరుగై ఉంటుంది.

రెడీమేడ్ వంతెనా, సొంత స్క్రిప్టా, అసలు వద్దా

రెడీమేడ్ సేవల వైపు మాట్లాడేవాళ్ల వాదన బలమైనదే. కోడ్ రాయనక్కర్లేదు, ఎక్కడ ఆగిందో తెరమీద కనిపిస్తుంది, ఆఫీసులో ఎవరైనా చూసుకోగలరు. వాటి బలహీనత ఏంటంటే మూడు కంపెనీల నిర్ణయాల మీద ఒకేసారి ఆధారపడాలి. 2019లో గూగుల్ డేటా నిబంధనలు బిగించాక ఐఎఫ్‌టీటీటీలో జీమెయిల్ ట్రిగర్లు పోయాయి. వండర్‌లిస్ట్ అనే జాబితా యాప్‌ను మైక్రోసాఫ్ట్ కొనుక్కుని, 2020 మేలో మూసేసింది. దాని మీద కట్టిన వంతెనలన్నీ ఆరోజుతో సరి.

సొంతంగా రాసుకుంటే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ ఉంది, గూగుల్ సేవలను నడిపే చిన్న ప్రోగ్రాములు రాసుకునే చోటు, ఉచితం, బిల్లులు మూడో కంపెనీకి పోవు. డ్రైవ్ ఫోల్డర్ మారగానే లేచే ట్రిగర్ అందులో లేదు, గడియారం పెట్టి నడపాలి. మామూలు ఖాతాకు ట్రిగర్లు రోజుకు మొత్తం 90 నిమిషాలు నడవొచ్చు. పావుగంటకోసారి అంటే 96 సార్లు, ఒక్కోసారికి 56 సెకన్లు, ధారాళం. 5 నిమిషాలకోసారి అంటే 288 సార్లు, ఒక్కోదానికి 18 సెకన్ల చిల్లర. ఎన్8ఎన్ లాంటి వంతెన సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. గూగుల్‌లో నమోదు చేసుకున్న అనుసంధానాన్ని 'టెస్టింగ్' దశలో వదిలేస్తే 7 రోజులకు తాళం చెల్లదని వాళ్లలో చాలా మందికి ఎనిమిదో రోజే తెలుస్తుంది. ఈ దారికి ఉన్న అసలు ప్రశ్న వేరు: రాసిన కుర్రాడు బెంగళూరులో ఉద్యోగమొచ్చి వెళ్లిపోతే, దాన్ని ఎవరు చూస్తారు?

వంతెనే వద్దనేవాళ్లను వెనకబడినవాళ్లుగా చూడటం తప్పు. 40 వరుసల షీట్, సాయంత్రం 5కు ఒక మనిషి పావుగంట కూర్చుని ఫోల్డర్ చూసి టిక్కు పెట్టడం. అన్నీ వచ్చాయో లేదో కూడా అదే చూపులో తేలిపోతుంది. 10 పార్టీలున్న ఆఫీసుకు ఇదే మేలని నేననుకుంటాను. 100 పార్టీలకు అదే పని చేస్తే 10వ తేదీ రాత్రి కళ్లు తిరుగుతాయి.

ఏ దారి పట్టినా మొదటి మెట్టు దగ్గర మనిషి ఉంటాడు. మామూలు వాట్సాప్ ఖాతా నుంచి ఫొటోలను తీసుకెళ్లడానికి ఈ సేవలకు అధికారికమైన కౌంటరు లేదు. గూగుల్ ఫామ్‌లో ఫైలు అప్‌లోడ్ పెడితే ఆ గుంత పూడుతుంది. ఫైలు నేరుగా ఆఫీసు డ్రైవ్‌లోకే వస్తుంది, పార్టీ నంబరు ఫామ్‌లోనే ఉంటుంది, పైగా ఫామ్ నింపగానే లేచే ట్రిగర్ యాప్స్ స్క్రిప్ట్‌లో ఉంది. కాకపోతే పంపేవాళ్లు గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వాలి. కౌంటర్ మీద గిరాకీలు నిలబడి ఉండగా ఫొటో తీసి పంపే దుకాణదారుకు అది ఒక అడుగు ఎక్కువే.

ఇక కొనుగోలు బిల్లులు అన్నీ వచ్చాయా అన్న ప్రశ్నకు ఫోల్డర్ బయటే ఒక జవాబు ఉంది. అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీఆర్-2బీ అనే పట్టిక, నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు ప్రతి నెలా 14న జీఎస్టీ పోర్టల్‌లో తయారవుతుంది. దాన్ని దింపుకుని ఫోల్డర్‌లో ఉన్నవాటితో పోలిస్తే, రానిది ఏదో తొలిసారి పేరుతో సహా కనిపిస్తుంది. 3బీ వేయడానికి ఇంకా ఆరు రోజులుంటాయి. చౌరస్తా దుకాణానికి 14న పోయే ఫోను ఇలా ఉంటుంది:

"అన్నా, నువ్వు పంపినయి పదకొండు. 2బీల పన్నెండు కనపడుతున్నయ్. సూరత్‌ది ఒకటి తక్కువుంది."

"ఆగు సార్, మూటల మధ్యల ఉన్నదేమో చూస్త."